మడత విప్పిన గీత

జూన్ మొదటి పదిహేను రోజులూ మా షాపులో కాలు పెట్టడానికి చోటుండదు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఓ సందులో మాది చిన్న కుట్టు షాపు. రెండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, నేను, నాకు సాయంగా ఇద్దరమ్మాయిలు. ఆ రోజుల్లో జాకెట్లు, చీరల ఫాల్స్ అన్నీ పక్కన పెట్టేస్తాం. పొద్దున లేచింది మొదలు యూనిఫారాలే.

ఈ ఏడాది ఒక శనివారం సాయంత్రం తొమ్మిదో తరగతి అమ్మాయిలు నలుగురు కలిసి వచ్చారు. ఒకే స్కూలు, ఒకే గుడ్డ, ఒకే గళ్ళు. చెయ్యి మోచేతి దాకా ఉండాలని స్కూలు వాళ్ళు కాగితం మీద రాసి మరీ పంపారు. వీళ్ళు దానికి ఒక అంగుళం పైకి పెట్టమన్నారు. "నలుగురికీ ఒకేలా రావాలాంటీ, తేడా రాకూడదు" అని వాళ్ళలో పొడుగమ్మాయి నాకు రెండుసార్లు చెప్పింది. కొలతలు తీస్తున్నంతసేపూ మిగతా ముగ్గురూ నా టేపు వైపు చూడలేదు. ఆ అమ్మాయి మొహమే చూస్తున్నారు.

సోమవారం వాళ్ళమ్మతో ఐదో అమ్మాయి వచ్చింది. అదే గుడ్డ. నేను భుజం కొలుస్తుంటే నా చెవి దగ్గరకొచ్చి, "వాళ్ళకి పెట్టినంతే పెట్టండాంటీ. నేనడిగానని వాళ్ళతో అనకండేం" అంది. తల్లి వినేసింది. "ఏటే గుంటా నీ గోల? అంగుళం తగ్గితే ఏటి, పెరిగితే ఏటి?" అని కసిరింది.

షాపు నిండా జనం ఉన్నారు, ఆవిడకి నేనేమీ చెప్పలేకపోయాను. కానీ అంగుళం తగ్గితే ఏమవుతుందో, పెరిగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తెలిసినా చాలా ఏళ్ళు దాన్ని మాటల్లో పెట్టడం చేతకాలేదు. చేతనైంది మాత్రం పోయిన వేసవిలో, కొన్ని అమెరికా హైస్కూలు సినిమాలు చూశాక.

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. రాత్రి అన్నాలయ్యాక దాని ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని ఇద్దరం సినిమా చూస్తాం. కింద అక్షరాలు చదువుకుంటూ చూడడం నాకు మొదట్లో కష్టంగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది. అది వరసపెట్టి స్కూలు పిల్లల గుంపుల సినిమాలు పెట్టింది. ముందు పెట్టింది 2004లో వచ్చిన మీన్ గర్ల్స్. ఆడపిల్లల గుంపులు ఎలా పనిచేస్తాయో తల్లిదండ్రులకి చెప్పడానికి రోజలిండ్ వైజ్‌మన్ అనే ఆవిడ 2002లో ఒక పుస్తకం రాసింది. అందులో కథేమీ లేదు. టీనా ఫే దాని మీద కథ అల్లుకుని సినిమాకి రాసింది.

ఆ సినిమాలో ముగ్గురమ్మాయిల గుంపు ఉంటుంది. వాళ్ళకి బట్టల చట్టాలుంటాయి. బుధవారం గులాబీ రంగు వేసుకోవాలి. జడ పోనీటెయిల్‌గా వారానికి ఒక్కసారే. జీన్సు, ట్రాక్ ప్యాంటు శుక్రవారమే. గుంపుకి పెద్ద అయిన అమ్మాయిని నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలని ఎవరో ఆమె బనీనుకి ఛాతీ దగ్గర గుండ్రంగా రెండు కన్నాలు కత్తిరిస్తారు. ఆమె ఒక్క క్షణం చూసుకుని, అదే వేసుకుని బయటకి వచ్చేస్తుంది. ఆ తర్వాత చూస్తే స్కూల్లో పిల్లలు చాలామంది కన్నాల బనీన్లతో తిరుగుతుంటారు. ముప్ఫై ఏళ్ళుగా కత్తెర పట్టుకున్నవాళ్ళు కూడా ఈ విషయం ఇంత సూటిగా చెప్పలేరు. ఫ్యాషన్ గుడ్డలో ఉండదు, వేసుకున్న మనిషి నడకలో ఉంటుంది.

కానీ నేను ఆపమన్నది అక్కడ కాదు. ఆ పెద్దమ్మాయే కొన్నాళ్ళకి ఒళ్ళు చేస్తుంది. ఒకరోజు ట్రాక్ ప్యాంటు వేసుకుని భోజనం బల్ల దగ్గరకొస్తుంది. ఆరోజు శుక్రవారం కాదు. ఆమె పెట్టిన చట్టం ప్రకారమే ఆమెని కూర్చోనివ్వరు. నాకు పడుతున్నది ఇదొక్కటే అంటుంది. అయినా ఊరుకోరు. "ఒక్క నిమిషం ఆపు తల్లీ" అన్నాను మా అమ్మాయితో. "ఇదొక్కటే పడుతోందాంటీ" అనే మాట నేను షాపులో ఎన్నిసార్లు విన్నానో. కర్టెన్ వెనక నుంచి, తల బయటపెట్టి, గొంతు తగ్గించి చెప్తారు.

ఈ సినిమాల్లో బట్టలన్నీ పాతబడిపోయాయి. ఆ భుజాల ప్యాడ్లు, ఆ నడుము కిందకి జారే ప్యాంట్లు ఇప్పుడెవరూ కుట్టమనరు. పాతబడనిది ఒక చూపు. కొత్తమ్మాయి పళ్ళెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడుతుంది. బల్లల దగ్గరున్న పిల్లలు ఆమెని తల నుంచి కాళ్ళ దాకా ఎగాదిగా చూస్తారు. ఆ చూపు టేపు కన్నా తొందరగా కొలుస్తుంది. నన్నూ కొలిచింది.

మాది నెల్లిమర్ల. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. షిఫ్టు దిగి ఇంటికొస్తే చొక్కా మీదే కాదు, కనుబొమ్మల్లో కూడా జనపనార నూగు ఉండేది. 1996లో ఎనిమిదో తరగతికి నన్ను విజయనగరంలో ఒక స్కూల్లో చేర్చారు. తెల్ల చొక్కా, నేవీ బ్లూ స్కర్టు. చొక్కా కొత్తది కొన్నారు. స్కర్టు మాత్రం మా పెద్దమ్మ కూతురు అప్పది. అప్ప నాకన్నా పొట్టి. అందుకని మా అమ్మ కింద మడత విప్పి పొడుగు దించింది.

నేవీ బ్లూ ఎండకి వెలిసిపోయే రంగు. మడత లోపల ఉన్న గుడ్డకి ఎండ తగలదు కాబట్టి అది అలాగే ఉంటుంది. విప్పితే పైనంతా పాత నీలం, కింద రెండంగుళాలు కొత్త నీలం, మధ్యలో మడత ఒరుసుకున్న చోట తెల్లగా ఒక గీత. ఇస్త్రీ పెట్టె ఎంత కాల్చినా ఆ గీత పోదు. మా అమ్మ తడిగుడ్డ వేసి కూడా రుద్దింది.

మొదటిరోజు ప్రేయర్ లైన్లో నా పక్క వరసలో ఒకమ్మాయి నన్ను రిబ్బను నుంచి బూట్ల దాకా చూసి, మళ్ళీ పైకొస్తూ మోకాలి కింద ఆగింది. పక్కమ్మాయిని మోచేత్తో పొడిచింది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి నా పేరు గీత అయిపోయింది. మా క్లాసులో నిజంగా ఆ పేరున్నవాళ్ళు లేరు. లెక్కల మాస్టారు పిల్లలందరూ పిలవడం విని నా పేరు అదే అనుకున్నారు. రెండు నెలలు "గీతా, లే, చెప్పు" అని ఆయన పిలిస్తే నేను లేచి చెప్పాను. నా పేరు అది కాదంటే, మరి అలా ఎందుకు పిలుస్తున్నారని అడుగుతారు కదా. అందుకని చెప్పలేదు.

ఇక్కడితో అయిపోతే ఇది నాకు జరిగిన కష్టం మాత్రమే అయ్యేది. ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ చూశాక అలా రాసుకునే వీలు లేకుండా పోయింది.

అది 1985లో జాన్ హ్యూస్ తీసిన సినిమా. ఐదుగురు పిల్లలు, ఐదు గుంపుల వాళ్ళు, శిక్షగా ఒక శనివారం అంతా స్కూలు లైబ్రరీలో కూర్చోవాలి. నేనెవరు అన్నదాని మీద వెయ్యి మాటల వ్యాసం రాయాలి. అంతే కథ. ఆ లైబ్రరీ కూడా నిజం లైబ్రరీ కాదట, ఇల్లినాయ్ రాష్ట్రంలో మూతబడిన ఒక స్కూలు జిమ్‌లో వేసిన సెట్టు. అందులో మధ్యాహ్నం అన్నం తినే సీను ఉంది. డబ్బున్నమ్మాయి జపాన్ వాళ్ళ సుషీ తీసి బల్ల మీద పద్ధతిగా సర్దుకుంటుంది. ఆటలాడే అబ్బాయి సంచిలోంచి తిండి వస్తూనే ఉంటుంది. చదువుకునే అబ్బాయికి వాళ్ళమ్మ బ్రెడ్డు అంచులు కూడా కోసి పంపింది. ఎవరితోనూ మాట్లాడని అమ్మాయి తన బ్రెడ్డులో మాంసం ముక్క తీసి విసిరేసి, పంచదార పోసుకుంటుంది. రౌడీ అని పేరుపడ్డ అబ్బాయికి మాత్రం ఏమీ లేదు. వాడు ఆకలిగా ఉందని అనడు, చదువుకునే అబ్బాయి సంచి లాక్కుని ఒక్కొక్కటే బయటికి తీసి వెటకారం చేస్తాడు.

సాయంత్రానికి ఐదుగురూ ఏడ్చి, నవ్వి, దగ్గరవుతారు. అప్పుడు చదువుకునే అబ్బాయి అడుగుతాడు, సోమవారం కూడా మనం స్నేహితులమేనా అని. డబ్బున్నమ్మాయి కాదంటుంది. మిగతావాళ్ళు ఆమె మీద విరుచుకుపడతారు. మా అమ్మాయి కూడా "ఎంత పొగరమ్మా దానికి" అంది. నాకు పొగరు అనిపించలేదు. ఉన్నమాట చెప్పింది ఆమె ఒక్కతే.

ఎందుకంటే నాకూ ఒక సోమవారం ఉంది, వారానికి ఆరు రోజులు వచ్చేది. నెల్లిమర్ల నుంచి నాతో పాటు మా వీధమ్మాయి ఒకర్తి అదే క్లాసుకి వచ్చేది. రామతీర్థం నుంచి వచ్చే బస్సులో ఇద్దరం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. నా లెక్కలు దానికి, దాని హిందీ నాకు. చింతకాయలు, ఉప్పు, పాటలు. నన్ను ఎప్పుడూ నా పేరుతోనే పిలిచిందది. తొమ్మిదో తరగతిలో నాకు కొత్త స్కర్టు వచ్చింది, త్రోబాల్ జట్టులో చోటొచ్చింది. గీత అని పేరు పెట్టినవాళ్ళే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. అప్పటి నుంచి బస్సు దిగాక స్కూలు మలుపు దగ్గర నేను నాలుగడుగులు గబగబా వేసేదాన్ని. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. కొన్నాళ్ళకి దానికే అర్థమైపోయింది. మలుపు రాకముందే తనే నడక తగ్గించుకుని, నాకు దారి ఇచ్చేది.

ఒకరోజు దాని క్యారేజీలో ఎండునెత్తళ్ళ వేపుడు వచ్చింది. మా వాళ్ళు ముక్కులు మూసుకుని లేచి కుళాయి వైపు వెళ్ళారు. నేనూ నా డబ్బా మూత పెట్టి లేచాను. మా ఇంట్లో రోజు విడిచి రోజు అదే కూర. స్కూలుకి మాత్రం పెరుగన్నం, ఆవకాయ పెట్టమని మా అమ్మతో పోట్లాడేదాన్ని. దాని సంగతి మా అమ్మకి ఇవాళ్టికీ తెలియదు. సాయంత్రం బస్సులో అది నాకు కిటికీ సీటు ఉంచింది, ఎప్పటిలాగే.

పదో తరగతి అయ్యాక వాళ్ళు ఊరు మారిపోయారు. ఆ సంగతి దానితో నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఈ సినిమాల్లో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఆ మాట్లాడని అమ్మాయిని చివర్లో కూర్చోబెట్టి, కాటుక తుడిచి, జుట్టు వెనక్కి కట్టి ముస్తాబు చేస్తారు. అప్పుడు గానీ ఆటగాడి కళ్ళకి ఆనదు. ఆమె అలాగే ఉండగా ఆనితే ఏం? డబ్బున్నమ్మాయిగా వేసిన మాలీ రింగ్‌వాల్డ్ కూడా 2018లో ఆ సినిమాలని మళ్ళీ చూసి, అమ్మాయిల విషయంలో వాటిలో జరిగిన తప్పుల గురించి ద న్యూయార్కర్ పత్రికలో పెద్ద వ్యాసం రాసింది. ఆవిడే 1986లో ప్రెటీ ఇన్ పింక్‌లో బీదింటి అమ్మాయిగా వేసింది. తన బట్టలు తనే కుట్టుకునే పిల్ల. పార్టీకి తండ్రి కొన్న గౌను, స్నేహితురాలి పాత గౌను రెండూ విప్పి ఒకటిగా కుట్టుకుంటుంది. ఆ గౌను నాకు నచ్చలేదు, భుజాలు తీసేసి మెడ దగ్గర నెట్టుగుడ్డ పెట్టి చేజేతులా పాడు చేసింది. అయినా ఆ పిల్ల తలవంచుకుని మిషను తొక్కుతుంటే నేను రెప్ప వెయ్యకుండా చూశాను. కుట్టు వచ్చిన పేదపిల్లని కథానాయికగా నేను చూడడం అదే మొదలు.

మన సినిమాల్లో ఇవి లేవా అంటే ఉన్నాయి. 2007లో శేఖర్ కమ్ముల తీసిన హ్యాపీ డేస్‌లో సీనియర్లు, జూనియర్లు ఉన్నారు. 2008లో వచ్చిన కొత్త బంగారు లోకంలో ఇంటర్ పిల్లలే. రెండూ నాకిష్టం. కాకపోతే మన కథ తొందరగా ప్రేమలోకి వెళ్ళిపోతుంది. ఒకమ్మాయి ఇంకో అమ్మాయిని ఎగాదిగా చూసే చూపు దగ్గర కెమెరా ఆగదు. మన స్కూళ్ళలో గుంపులు కట్టేది ఆటగాళ్ళు, చదువరులు అని కూడా కాదు. ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా, మార్కులని బట్టి ఏ సెక్షను, హాస్టలా ఇంటి నుంచా. వీటన్నిటికన్నా ముందు ఇంటిపేరు. "మీ ఇంటిపేరేంటి?" అని అడిగి, జవాబు విన్నాక క్యారేజీ ఇంకోచోట విప్పుకున్నవాళ్ళని నేను చూశాను. లైబ్రరీలో కూర్చున్న ఆ ఐదుగురూ తెల్లవాళ్ళే. వాళ్ళ సినిమా కూడా తమ ఇంటి సంగతి ఒకటి గుమ్మం బయటే ఉంచేసింది. మన దగ్గర ఆ ఐదుగురినీ ఒక శనివారం ఒక గదిలో కూర్చోబెట్టి తీసేవాళ్ళు వస్తే మొదటి ఆటకి నేనుంటాను.

ఐదో అమ్మాయికి చెయ్యి సరిగ్గా అంగుళం పైకే పెట్టాను. నలుగురివీ కుట్టిన కాగితం పక్కన పెట్టుకుని, నూలు తేడా రాకుండా కుట్టాను. తీసుకెళ్ళేటప్పుడు సంచి విప్పి చూసుకోలేదు, గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంకో పని నేను షాపు పెట్టిన రోజు నుంచీ చేస్తున్నాను. పిల్లల స్కర్టులకి కింద నాలుగంగుళాలు మడత వదులుతాను. ఏడాదికో రెండేళ్ళకో పొడుగు దించమని తెస్తే, గీత పడిన చోట గుడ్డ మడిచి చుట్టూ సన్నగా టక్కు వేస్తాను. గీత ఆ టక్కులోకి వెళ్ళిపోతుంది. రంగు తేడా కొంచెం కనిపిస్తుంది గానీ, టక్కు ఉండేసరికి డిజైను కోసమే అలా కుట్టారనుకుంటారు. దానికి డబ్బులు తీసుకోను.

మొన్న ఒకావిడ చిన్నకూతురికి పెద్దకూతురి స్కర్టు తెచ్చింది. ఆరో తరగతి పిల్ల. సాయంత్రానికి కుట్టి ఇచ్చాను. అద్దం ముందు నిలబడి అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంది. తర్వాత వంగి, టక్కు మీద వేలు పెట్టి చుట్టూ తడుముకుంటూ వచ్చింది.

"ఏదాంటీ అది?"

"నీ వేలి కిందే ఉంది నాన్నా."

ఇంకోసారి తడిమి చూసుకుంది.