వంటింటి డిస్కో

నిన్న రాత్రి అంట్లు తోముతుంటే ఫోన్లో బ్రిటిష్ పాప్ గాయని సోఫీ ఎల్లిస్ బెక్స్‌టర్ పాట మొదలైంది. అంతే, సబ్బు చేతుల్తోనే గరిటె పట్టుకుని ఊగాను.

2020 లాక్‌డౌన్ గుర్తొచ్చింది. శుక్రవారాలు సోఫీ లండన్‌లోని తన వంటింట్లోంచే లైవ్‌లో పాడేది. తళుకుల గౌను, వీడియో తీస్తూ భర్త, కాళ్లకడ్డంపడుతూ ఐదుగురు మగపిల్లలు! స్టేజీ మీద కంటే అక్కడే నాకు బాగా నచ్చింది.

తన పాట ‘మర్డర్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్’ 2001లో బ్రిటన్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. ‘సాల్ట్‌బర్న్’ సినిమా చివర్లో వాడాక, 2024 జనవరిలో మళ్లీ రెండే! (ఒకటో నంబరు ముచ్చట 2000లోనే తీరిందిలెండి, ఇటలీ డీజే స్పిల్లర్‌తో చేసిన ‘గ్రూవ్‌జెట్’తో.)

రెండోసారి పాట పెట్టబోతుంటే హాల్లోంచి అమ్మ కేక: “ముందు ఆ కుళాయి కట్టవే!”