ఒక్క ఎర్త్ లగ్గు ఆరు నెలలు ఏడిపించింది – బోటు కరెంటుతో నా అనుభవం

నిన్న తెల్లారగట్ల నాలుగింటికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటెక్కి కీ తిప్పాను, ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంది. పక్క బోటోళ్లకి అదేం పెద్ద సంగతి కాదు గానీ నేను మాత్రం చుక్కాని పట్టుకుని అలాగే నిలబడిపోయాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరు నెలల తర్వాత భయం లేకుండా కీ తిప్పడం అదే మొదటిసారి. ఆ వేడిలోనే ఇది రాస్తున్నాను, నాలాగ ఇంకొకడు డబ్బులు పోసి మాటలు పడకూడదని. ఎర్త్ లగ్గంటే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి వచ్చే కేబుల్ చివర, బోల్టుకి బిగించే చిన్న ముక్క.

మాది 32 అడుగుల ఫైబర్ బోటు, లోపల డీజిల్ ఇంజిన్, సెల్ఫ్ స్టార్టు. హ్యాండిల్ వేసి తిప్పే ఇంజిన్ కాదు, సెల్ఫ్ కొట్టకపోతే ఇంక అంతే. నేను, మా మేనల్లుడు, ఇద్దరు కలాసీలు, మొత్తం నలుగురం వెళ్తాం. ఒక 12 వోల్టుల బ్యాటరీ, దాని మీదే సెల్ఫు, లైట్లు, వైర్‌లెస్ సెట్టు, లోతూ చేపలూ చూపించే ఎకో, అడుగున చేరిన నీళ్లు తోడే పంపు అన్నీ.

కిందటేడు దసరాకి కొన్న బ్యాటరీ మార్చికల్లా పడిపోయింది. ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే డైనమో విప్పి తీసుకుపోయి, లోపల ఏదో మార్చానని చెప్పి 3,800 అన్నాడు, 3,000 ఇచ్చాను. తర్వాత ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు బోటు జెట్టీకి కట్టేసి ఉంది. ఈసారి ప్రభుత్వం వేసిన 20 వేలలోంచే తొమ్మిదిన్నర వేలు పెట్టి కొత్త బ్యాటరీ కొన్నాను. ఆ డబ్బుల మీద ఇంట్లో ఎన్ని ఆశలున్నాయో జాలరోళ్ల ఇళ్లలో పుట్టినోళ్లకి తెలుస్తుంది.

జులైలో ఒక రాత్రి ముప్పై బారల నీళ్లలో వల వదిలి ఇంజిన్ ఆపాం. రెండున్నరకి వల లాగుదామని కీ తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. మళ్లీ తిప్పాను, మళ్లీ టక్. లైట్లు కూడా నూనె అయిపోయిన దీపంలా ఎర్రగా అయిపోయాయి. డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ వెలుగు దూరంగా తిరుగుతూనే ఉంది, కానీ మా బోటు మెల్లగా పోర్టు ఓడలు లంగరేసుకునే వైపు కొట్టుకుపోతోంది. అంత పెద్ద ఓడ కదిలితే లైటు లేని 32 అడుగుల బోటు వాళ్లకేం కనబడుతుంది చెప్పండి.

వైర్‌లెస్ తీసి ఆపదలో పిలిచే 16వ ఛానెల్‌లో మాట్లాడదామని బటన్ నొక్కితే నొక్కగానే సెట్టు ఆరిపోతోంది, వదిలేస్తే మళ్లీ వెలుగుతోంది. అవతలోళ్ల మాటలు నాకు వినబడుతున్నాయి, నా మాట ఒక్కటీ పోవట్లేదు. ఆ బాధ ఏమని చెప్పను. పక్క బోటు వాళ్లు నవ్వుకుంటూ చేపల రేటు గురించి మాట్లాడుకుంటున్నారు, నేను అరుస్తున్నాను.

అప్పుడు మా మేనల్లుడు అన్నాడు, "మావా, ఆగు, నువ్వు నొక్కకు, లో పవర్‌లో పెడతా" అని. సెట్టు మీద ఒక చిన్న బటన్ ఉంటుంది, దాంతో 25 వాట్లు కాస్తా 1 వాట్‌కి దిగుతుంది. మాట వినడానికి అర ఆంపియర్ చాలు, 25 వాట్లతో మాట్లాడాలంటే ఐదారు ఆంపియర్లు లాగేస్తుంది, నీరసంగా ఉన్న బ్యాటరీ అది ఇవ్వలేక సెట్టు పడిపోతుంది. 1 వాట్‌లో మాట ఎక్కువ దూరం పోదు గానీ పక్కనున్న బోటుకి పోయింది. వాళ్లే వచ్చి తాడేసి లాక్కొచ్చారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు నలుగురిని ఒడ్డెక్కించాడు. మా వాడని చెప్పుకోవడం కాదు, వాడికి నిజంగా బుర్ర ఉంది. ఈ బటన్ సంగతి ప్రతి బోటులో అందరికీ తెలిసుండాలి. ఫోన్‌కి సిగ్నల్ అందితే కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093, రెండూ లోపల గోడ మీద పెద్దగా పెయింట్‌తో రాసుకోండి. ఫోన్‌లో సేవ్ చేస్తే చాలదు, ఆ టైముకి చేతులు వణుకుతాయి.

పొద్దున్నే వేలం పాట జరుగుతున్నప్పుడు తాడు కట్టించుకుని జెట్టీకి రావడం ఎంత తలవంపో దాని గురించి ఎక్కువ రాయను. అసలు తలవంపు అది కాదు, ఆ తర్వాత వచ్చింది.

బ్యాటరీ కొని ఆరు వారాలు కూడా కాలేదు కదా, వారంటీ కార్డు ఉంది కదా అని ఆటోలో పెట్టుకుని ఊళ్లో కొన్న షాపుకే పట్టుకెళ్లాను. షాపు పేరు రాయను. నేను హార్బర్ నుంచి తిన్నగా వెళ్లాను, ఇంటికెళ్లి స్నానం చేసి వెళ్దామంటే మధ్యాహ్నం అయిపోతుందని. కౌంటర్లో మా అబ్బాయి వయసు కుర్రాడు. తలెత్తి చూసి మొదటి మాటే "వాసన కొడుతోంది, బయట నిలబడు, పిలుస్తా" అన్నాడు. నాకు యాభై రెండేళ్లు. నువ్వు అన్నాడు. ఏసీ గదిలో ఇద్దరు కార్ల వాళ్లు కూర్చున్నారు, వాళ్ల ముందు అన్నాడు.

బయట ఎండలో గంటన్నర నిలబడ్డాను, బ్యాటరీ పక్కన పెట్టుకుని. నా తర్వాత వచ్చిన ముగ్గురి పని అయిపోయింది. తర్వాత పిలిచి, దేనికి వాడావని అడిగాడు. బోటుకన్నాను. కార్డు నా ముందుకి తోసి "బోటుకి వారంటీ లేదు, రాసుంది చదువుకో" అన్నాడు. ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాలు. ఇంటికొచ్చాక మా అమ్మాయి చదివి చెప్పింది, నిజమే, సముద్రం మీద వాడితే వర్తించదని ఉంది. అయితే కొన్న రోజు నేను బోటు బ్యాటరీ పెట్టె కొలతలు కాగితం మీద రాసి ఇదే కౌంటర్లో ఇచ్చాను కదా. "బోటుకి ఇది సూపర్‌గా పనిచేస్తుంది" అన్నది ఇదే షాపు కదా. అమ్మేటప్పుడు బోటు కనబడింది, మార్చేటప్పుడు మాత్రం కార్డు కనబడింది.

బతిమాలితే చార్జింగ్‌కి పెట్టి రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్తే మీటర్ పెట్టి చూపించాడు, 12.6. ఎక్కువ కరెంటు లాగి చూసే లోడ్ టెస్టర్ పెట్టినా నిలబడింది. "బ్యాటరీ బంగారంలా ఉంది. మీవాళ్లు రాత్రంతా లైట్లేసుకుని తాగి పడుకుంటారు, దించేసి తెచ్చి మా మీద పడతారు. లోపల ఉప్పునీళ్లు పోశావేమో కూడా" అన్నాడు. నేను జన్మలో మందు ముట్టలేదు. మా నాన్న తెప్ప మీద వేటకెళ్లి మమ్మల్ని చదివించినోడు, నేను పదమూడేళ్ల వయసు నుంచి సముద్రం మీదున్నాను, తుఫానులో వల కోసి మనుషుల్ని ఒడ్డెక్కించినోణ్ని, ఈ హార్బర్లో నా గురించి ఎవర్నైనా అడగండి. ఒక్క మాట కూడా తిరిగి అనలేకపోయాను. బ్యాటరీ ఎత్తుకుని వచ్చేశాను, వస్తూ చార్జింగ్ డబ్బులు 150 ఇచ్చాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బ్యాటరీ విషయంలో ఆ కుర్రాడు చెప్పింది నిజమే, అది బాగానే ఉంది. నా విషయంలో చెప్పిందే అబద్ధం. చేపలమ్మిన డబ్బు తీసుకున్నప్పుడు దానికి వాసన రాలేదా? మనుషుల్ని బట్టి కుర్చీ వెయ్యడం ఏ వ్యాపారానికీ మంచిది కాదు.

ఆ బ్యాటరీనే మళ్లీ బోటులో పెట్టాక ఒక ట్రిప్పు బాగానే అయింది, రెండో ట్రిప్పుకి మళ్లీ నీరసం. అప్పుడు మా ఆవిడ అంది, "మా చిన మావయ్యని అడగొచ్చు కదా, షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు కరెంటు పనే చేశాడు" అని. నాకు ముందే తట్టలేదు. మావయ్య బోటెక్కి ముందు ఏదీ విప్పలేదు. "ఏటైందో చెప్పు, మొదట్నుంచి చెప్పు" అన్నాడు. అంతా విని సంచిలోంచి మీటర్ తీశాడు. నాలుగొందల రూపాయల మామూలు మీటరే.

బ్యాటరీ ప్లస్, మైనస్ మీద పిన్నులు పెట్టి నన్ను కీ తిప్పమన్నాడు. టక్. మీటర్లో 12.1 ఉంది. "చూడు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా ఇంత ఉందంటే బ్యాటరీలో దమ్ముంది, కరెంటు అవతలికి పోవట్లేదు" అన్నాడు. తర్వాత ఒక పిన్ను బ్యాటరీ మైనస్ గుబ్బ మీద, క్లాంపు మీద కాదు, సీసం గుబ్బ మీదే పెట్టాడు, రెండో పిన్ను ఇంజిన్ బాడీకి గీకి ఆనించాడు. మళ్లీ తిప్పమన్నాడు. మీటర్లో 5 వోల్టులు. అది అర వోల్టు కూడా దాటకూడదంట. అంటే పన్నెండులో ఐదు వోల్టులు దారిలోనే ఎక్కడో మాయమైపోతున్నాయి.

బ్యాటరీ నుంచి ఇంజిన్‌కి వచ్చే నల్ల కేబుల్ చివర పైకి చక్కగా టేపు చుట్టి ఉంది. బోటు కట్టినప్పుడు చుట్టిన టేపు. మావయ్య బ్లేడుతో కోశాడు. లోపల లగ్గుని పంచింగ్ మిషన్‌తో నొక్కకుండా సుత్తితో కొట్టి వదిలేశారు. రాగి తీగలు ఆకుపచ్చ పిండి అయిపోయాయి, వేలితో రాస్తే రాలిపోతున్నాయి, మధ్యలో పదో పన్నెండో తీగలు మాత్రం నల్లగా అంటుకుని ఉన్నాయి. ఇంకొంచెం పైకి వెళ్లి రబ్బరు నొక్కితే లోపల కరకరమంది, అంటే తొడుగు లోపల జానెడు దూరం ఉప్పు ఎక్కేసింది. ఆ పది తీగల మీద నా బోటంతా నడుస్తోంది.

డైనమో కరెంటు కూడా ఆ లగ్గులోంచే బ్యాటరీకి తిరిగి రావాలి. ఇంజిన్ ఆడుతున్నప్పుడు డైనమో దగ్గర 14.1 ఉంటే బ్యాటరీ దగ్గర 13.3 ఉందని తర్వాత చూపించాడు. బ్యాటరీ గుబ్బల మీద 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. తక్కువ అందుతుంటే బ్యాటరీ ఎప్పుడూ అరకడుపుతోనే ఉంటుంది, అలా నెలల తరబడి ఉంటే ప్లేట్లు పాడైపోతాయి. దసరా బ్యాటరీ అలాగే చచ్చింది. డైనమోకి ఏ రోగమూ లేదు. మార్చిలో ఆ ఎలక్ట్రీషియన్ ఆ టేపు ఒక్కటి విప్పి చూసుంటే నాకు పన్నెండు వేలు మిగిలేవి, ఆ కౌంటరు మెట్లు ఎక్కే పని ఉండేది కాదు.

పని మొత్తం రెండు గంటలు. మైనస్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర్లో, లేకపోతే పానా ఎక్కడైనా తగిలి నిప్పురవ్వ లేస్తుంది, చార్జింగ్ అవుతున్న బ్యాటరీలోంచి వచ్చే గ్యాసు అంటుకుంటుంది. 2023 నవంబర్ 19 రాత్రి మన హార్బర్లో బోట్లు తగలబడటం చూసినోణ్ని, నిప్పు అంటే నాకు ఆటలు కాదు. కళాయి వేసిన రాగి తీగల కేబుల్ అయితే ఉప్పుకి తట్టుకుంటుందని మావయ్య అదే తెప్పించాడు. లగ్గులు మిషన్‌తో నొక్కించాం, పైన జిగురున్న స్లీవు వేడి చేసి బిగించాం, ఇంజిన్ మీద బోల్టు కింద పెయింట్ గీకి తెల్ల ఇనుము కనబడేదాకా రుద్దాం, బిగించాక వాజిలీన్ పూశాం. మొత్తం 1,400 అయింది. ప్లస్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు కూడా పెట్టించాడు, లైట్లకి వేరు, వైర్‌లెస్‌కి వేరు.

ఇళ్ల వైరింగ్ వైరు బోట్లలో వెయ్యొద్దు, రెండు తీగలు మెలిపెట్టి టేపు చుట్టే పని అసలే వద్దు, టేపు నీళ్లని ఆపదు, లోపలే పట్టి ఉంచుతుంది. బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉన్నాక 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8కి దిగితే ఆ రోజు వేటకి వెళ్లొద్దు. అనుమానంగా ఉంటే సముద్రం మీద ఇంజిన్ ఆపకండి, మాలాంటి పాత డీజిల్ ఇంజిన్ ఒకసారి అందుకున్నాక ఆడటానికి కరెంటుతో పనిలేదు, ఆయిల్ దండగైనా ఆడనివ్వండి. ముఖ్యంగా మీటర్ కొనుక్కోండి, అది చూపించిన తర్వాతే ఎవడికైనా డబ్బులివ్వండి.

నిన్న వల వదిలాక కావాలనే ఇంజిన్ ఆపాను. మేనల్లుడు నా మొహం చూస్తున్నాడు. గంటాగి తిప్పితే గర్రున లేచింది, "మావా, 14 ఉంది" అని మీటర్ పట్టుకుని వాడు అరిచాడు. కోనాలు పద్దెనిమిది కేజీలు పడ్డాయి, కొంచెం కానగంతలు. ఎకో వైర్లు ఇంకా పాతవే, ఆదివారం మార్చాలి. కోసిన ఆ లగ్గు ముక్కని టూల్ డబ్బాలో దాచాను. ఆ ఎలక్ట్రీషియన్‌కి ఇంకా 800 బాకీ ఉన్నాను, వచ్చి అడిగితే ఇచ్చేస్తాను, లగ్గు కూడా చేతిలో పెట్టే ఇస్తాను.