క్రెడిట్ రిపోర్టులో తప్పు: ప్లీడరు లేకుండా వినియోగదారుల కమిషన్‌కు

మా బాబాయి గారు ట్రాక్టరు అప్పును చివరి వాయిదా వరకు కట్టి, బకాయి లేదని బ్యాంకు ఇచ్చిన ధ్రువపత్రాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో పాటు బీరువాలో భద్రపరిచారు. అయినా దాళ్వా (రబీ వరి) పెట్టుబడికి అప్పు అడిగినప్పుడు, ఆ ట్రాక్టరు ఖాతా ఇంకా బకాయిలోనే ఉన్నట్టు క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తోందని మరో బ్యాంకు వారు ఆయనను తిప్పి పంపారు. పెనుగొండ వైపు కాలువకు నీళ్లు వదిలాక నాట్లు ఎవరి కోసమూ ఆగవు కనుక, ఆయన బయట ఎక్కువ వడ్డీకి తెచ్చి నాట్లు వేయించారు. ఆ వడ్డీ భారం ఆయన మీద పడటం అన్యాయమని నేను నమ్ముతున్నాను. అందుకే ఆయన తరఫున కాగితాలన్నీ నేనే తయారు చేశాను.

ఒకరి అప్పులు, చెల్లింపుల వివరాలతో క్రెడిట్ రిపోర్టు తయారు చేసేవి పరపతి సమాచార సంస్థలు. మన దేశంలో రిజర్వు బ్యాంకు అనుమతితో ఇలాంటివి నాలుగు పనిచేస్తున్నాయి. వాటిని 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టం నియంత్రిస్తుంది. బ్యాంకు పంపిన వివరాలనే అవి నమోదు చేస్తాయి, బ్యాంకు ధ్రువీకరించనిదే దిద్దవు. కాబట్టి సంస్థను అడిగితే బ్యాంకు చెప్పలేదంటుంది, బ్యాంకును అడిగితే ఎప్పుడో పంపామంటుంది. మాకూ అదే ఎదురైంది. ఈ చిక్కును విప్పేది 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చి, 2024 ఏప్రిల్ 26 నుంచి అమలు చేసిన ఉత్తర్వు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు చెల్లించాలి. బ్యాంకు 21 రోజుల్లోగా సవరించిన వివరాలు పంపకపోతే ఆ సొమ్ము బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకు సకాలంలో పంపినా సంస్థ దిద్దకపోతే సంస్థ ఇవ్వాలి. అంటే మొత్తం వివాదం తేదీల మీద నిలుస్తుంది. ఫోనులో చెప్పిన మాటకు తేదీ నిలవదు కాబట్టి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దానికి వచ్చిన నంబరును, సంస్థ జవాబులను అన్నింటినీ అచ్చు తీసి ఉంచుకోవాలి. ఏటా ఒక పూర్తి రిపోర్టును ప్రతి సంస్థా ఉచితంగా ఇవ్వాలి గనుక, తప్పు ఉన్న పేజీ కోసం ఎవరికీ డబ్బు కట్టనవసరం లేదు. అయితే స్కోరు ఎందుకు తక్కువగా ఉంది, అప్పు ఎందుకు ఇవ్వలేదు అనే ప్రశ్నలకు ఈ పరిహారం వర్తించదు. నమోదులో ఉన్న తప్పునే పట్టుకోవాలి.

30 రోజులు గడిచాక ఫీజు లేకుండా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే అధికారికి, రాయవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి పరపతి సమాచార సంస్థలు కూడా ఆ అంబుడ్స్‌మన్ పథకం కిందికి వచ్చాయి. నమోదు సరిచేయించడమే కావాలనుకునే వారికి ఆ దారి చాలు. మేము వడ్డీ నష్టం కూడా అడగదలిచాము కనుక ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఎంచుకున్నాము. ఒకే వివాదాన్ని రెండు చోట్లా నడపడం కుదరదు కాబట్టి ఈ నిర్ణయం ముందే జరగాలి.

"ప్లీడరు గారు లేకుండా మన మాట ఎవరు వింటారమ్మా?" అని బాబాయి గారు అడిగారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుదారు తానే వాదించుకోవచ్చు, తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు, వస్తువుకో సేవకో చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు కూడా ఉండదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది.

ఫిర్యాదు రాసేటప్పుడు నేను అన్నిటికన్నా శ్రద్ధ పెట్టినవి మూడు విషయాలు. బ్యాంకును, పరపతి సమాచార సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి; ఒక్కరినే చేరిస్తే తప్పు బయట ఉన్నవారిదని తప్పించుకుంటారు. ట్రాక్టరు సొంత సేద్యానికి, జీవనోపాధికి కొన్నదని స్పష్టంగా రాయకపోతే వ్యాపార ప్రయోజనమనే అభ్యంతరం రావచ్చు. 2005 చట్టంలోని 18, 31 సెక్షన్లను చూపి, ఇలాంటి వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లాలి తప్ప ఇక్కడికి కాదని సంస్థ వాదించవచ్చు. దానికి సమాధానంగా, తన పరిహారాలు ఇతర చట్టాలకు అదనమని చెప్పే 2019 చట్టం 100వ సెక్షన్‌ను ముందే ఉదహరించాను. ఈ అభ్యంతరాన్ని ముందుగా తేల్చవలసింది కమిషనే కాబట్టి, ఫిర్యాదులో దీనికి ఒక పేరా పూర్తిగా కేటాయించడం అవసరమని నా అభిప్రాయం. వడ్డీ నష్టానికి మాత్రం ప్రామిసరీ నోటు నకలు, అప్పు నిరాకరించిన ఉత్తరం రెండూ జతచేయాలి. నోటి మాటగా చెప్పిన నిరాకరణ రుజువు కాదు.

నోటీసు అందాక ప్రతివాదులకు జవాబుకు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి. అంతకు మించి పొడిగింపు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ప్లీడరు లేనివారు ఈ గడువును తప్పక గుర్తుంచుకుని, అది దాటితే జవాబు స్వీకరించవద్దని లిఖితపూర్వకంగా కోరాలి.

నోటీసులు వెళ్లాక బాబాయి గారి రిపోర్టులో ఆ ఖాతా ముగిసినట్టు మారింది. దానితో ఫిర్యాదు వెనక్కి తీసుకోమని బ్యాంకు వారు అడిగారు. ఆలస్యానికి రోజువారీ పరిహారం, వడ్డీ తేడా ఇంకా రావలసి ఉన్నందున మేము ఒప్పుకోలేదు, విచారణ సాగుతోంది.