చక్రం కింద రాయి

లిస్బన్‌లో నాది ఫుడ్ డెలివరీ పని. మొన్న అల్ఫామా సందులో సైకిల్ గోడకు ఆనించి మేడెక్కి వచ్చేసరికి, 28వ నంబర్ ట్రామ్ ఆగి గంట కొడుతోంది. నా బ్యాగు జానెడు పట్టాల వైపు వచ్చింది. డ్రైవర్ దిగొచ్చి, సైకిల్ తానే జరిపి, జనం ముందే కేకలేశాడు. "ఏటవాలులో నాతో బ్రేక్ వేయిస్తావా?" అన్నాడు. ముఖం మాడిపోయింది.

ఇక్కడ ట్రామ్ డ్రైవర్‌ని 'గ్వార్ద-ఫ్రెయు' అంటారు. బ్రేకుకు కాపలావాడు అని అర్థం. ఆ మాట గుర్తొచ్చాక కోపం నిలవలేదు. 2025 సెప్టెంబర్ 3న ఈ ఊళ్లోనే గ్లోరియా వాలు మీద, కేబుల్ సాయంతో ఎక్కి దిగే ప్యాసింజర్ బండి అదుపు తప్పి 16 మంది చనిపోయారు. ఆ రోజుల్లో ఆర్డర్లు పట్టుకుని అటు పోవాలంటే కాళ్లు వణికేవి.

గ్లోరియా బండి 28వ నంబర్ ట్రామ్ లాంటిది కాదు. 1885 నాటి ఆ లైనులో రెండు బండ్లు ఒకే కేబుల్‌కు రెండు కొసల ఉండేవి. ఒకటి దిగుతుంటే దాని బరువు రెండోదాన్ని పైకి లాగడానికి సాయపడేది. ఆ సాయంత్రం పై బండి దగ్గర కేబుల్ ఊడింది. డ్రైవర్ బ్రేకులు వేశాడు. కేబుల్ లేకుండా బండిని ఆపే శక్తి వాటికి లేదు. నిమిషం కూడా గడవకముందే బండి బిల్డింగుకు గుద్దుకుంది. పొద్దున చెకింగ్ కూడా అయిందట, కానీ కేబుల్ ఊడిన చోటు విప్పితే తప్ప కనపడదు. ఆ కేబుల్‌కు మనుషుల్ని మోసే బండ్లకు వాడే సర్టిఫికెటే లేదని అక్టోబర్‌లో ప్రాథమిక నివేదిక చెప్పింది.

మా నాయిన అచ్చంపేట నుంచి శ్రీశైలం లారీ నడిపేవాడు. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు ఎక్కడ ఆగినా, ఇంజిన్ బంద్ కాకముందే క్లీనర్ దూకి చక్రం కింద రాయి పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ ఉంది, గేర్‌లో ఉంది, అయినా రాయి. నల్లగా, ఒక పక్క అరిగి, గ్రీజు పట్టిన ఆ రాయిని సీటు వెనకే దాచేవాళ్లు. "మీ దగ్గర బండ్లకు సేఫ్టీ ఉండదు కదా" అని ఇక్కడి రూమ్మేట్లు అంటే నాకు ఆ రాయే కళ్ల ముందుకొస్తుంది. చదువుకోని మనిషి, ఒకటి తప్పితే ఇంకొకటి ఉండాలని ప్రతి మలుపులో గుర్తుంచుకున్నాడు. ఇంత పెద్ద నగరం ఒక్క కేబుల్ మీద ఇన్నేళ్లు ఎట్లా ధీమాగా ఉందో నాకు అర్థం కాదు.

అట్లాగని మన ఘాట్‌లో విరిగిన పిట్టగోడలు నేను చూడలేదా? చూశాను. అవి ఎందుకు విరిగాయో ఎవరూ ఇట్లా నివేదిక రాసి ముందు పెట్టలేదు. ఈ విషయంలో వీళ్లకు దండం పెడతాను.

రాత్రి నాయినకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ గ్లోరియా డ్రైవర్‌కు పిల్లలున్నరా బిడ్డా?" అని అడిగాడు.