ఏ వైశాల్యంతో భాగించారు?

కార్బన్ నానోట్యూబులు, అంటే కార్బన్ పరమాణువుల షడ్భుజాల అల్లిక చుట్టుకుని ఏర్పడిన అతిసన్నని గొట్టాలు, ఉక్కు కంటే నూరు రెట్లు బలమైనవన్న మాట తరచుగా చదువుతుంటాం. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. అయితే ఏ రకం ఉక్కుతో పోల్చారో, తెంచడానికి పట్టిన బలాన్ని ఏ అడ్డుకోత వైశాల్యంతో భాగించారో చెప్పనంత వరకు ఆ అంకెను నేను నమ్మను.

ముందుగా దృఢత్వాన్నీ తన్యతా బలాన్నీ వేరుగా చూడాలి. దృఢత్వాన్ని కొలిచే యంగ్ గుణకం నానోట్యూబుకు సుమారు 1,000 గిగాపాస్కల్‌లు (ఇంత వైశాల్యం మీద ఇంత బలం అని చెప్పే కొలమానం), ఉక్కుకు 200; అంటే సాగకుండా నిలవడంలో తేడా అయిదు రెట్లే. నూరు రెట్ల మాట తెగకుండా ఓర్చుకోవడానికి సంబంధించినది, అదీ మామూలు ఉక్కుతో పోల్చినప్పుడు.

2000లో మిన్-ఫెంగ్ యూ, రోడ్నీ రువాఫ్‌ల బృందం బహుళ పొరల (ఒక గొట్టంలో మరొకటి ఇమిడిన) నానోట్యూబులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లోపలే రెండు కొసలా బిగించి, తెగేదాకా లాగి చూసింది. తెగినది వెలుపలి పొర ఒక్కటే. లోపలి పొరలు ఒరలోంచి కత్తి దూసినట్టు జారి బయటికి వచ్చాయి. ఒకే పొరలోని కార్బన్ పరమాణువులను బలమైన సంయోజనీయ బంధాలు పట్టి ఉంచుతుండగా, పొరకూ పొరకూ మధ్య ఉన్నవి బలహీనమైన వాండర్ వాల్స్ ఆకర్షణలు మాత్రమే కావడం ఇందుకు కారణం. ఆ ప్రయోగంలో వచ్చిన 11 నుంచి 63 గిగాపాస్కల్‌ల విలువలు, భారమంతా 0.34 నానోమీటర్ల మందం గల ఆ వెలుపలి పొరే మోసిందన్న లెక్కతో వచ్చినవి. 20 నానోమీటర్ల వ్యాసం ఉన్న గొట్టాన్ని ఊహించుకుని, బోలు భాగంతో సహా మొత్తం అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే ఫలితం దాదాపు పదిహేనో వంతుకు పడిపోతుంది: 63 కాస్తా నాలుగు చిల్లర అవుతుంది! లెక్కలో మోసం లేదు, కానీ తాడు పేనాలనుకునే ఇంజనీరుకు పనికొచ్చేది ఈ రెండో అంకే.

పొట్టి గొట్టాలను కలిపి దారంగా పేనినప్పుడూ ఇదే చిక్కు: గొట్టాలు తెగకముందే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. షడ్భుజాల అల్లికలో పరమాణువు లోపించిన చోట్లు దీనికి తోడవుతాయి.

2018లో చైనాలోని చింగ్‌హువా విశ్వవిద్యాలయ పరిశోధకులు సెంటీమీటర్ల పొడవున్న, లోపాలు లేని గొట్టాలను కట్టగా చేర్చి, అన్నిటిలోనూ బిగువు సమానమయ్యేలా సర్ది, 80 గిగాపాస్కల్‌లకు పైగా సాధించారు. పొడవూ బిగువూ రెండూ కుదిరితే కట్టకు కూడా ఒంటరి గొట్టానికి దీటైన బలం వస్తుందని ఆ ఫలితం చూపింది. అయితే ఆ కట్టలో ఉన్న గొట్టాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే.