గ్రౌండ్‌లో చేసిన పీహెచ్‌డీ

ఎంపీఎడ్, అంటే వ్యాయామ విద్యలో పీజీ, చదువుతున్న పిల్లలు ఫోన్ చేసి "అక్కా, పీహెచ్‌డీ సీటు ఎట్లా వస్తుంది?" అని అడుగుతుంటారు. సీటు సంగతి చెప్పడం తేలికే. దానికి పనికొచ్చే అర్హత పరీక్ష యూజీసీ నెట్. అందులో ఫిజికల్ ఎడ్యుకేషన్ సబ్జెక్టు కోడ్ 47. మొదటి పేపర్‌లో 50 ప్రశ్నలు, రెండో దాంట్లో 100. రెండూ కలిపి 3 గంటలు, నెగటివ్ మార్కులు లేవు. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, బయోమెకానిక్స్ అందరూ ఇష్టంగా చదువుతారు, స్టాటిస్టిక్స్ పక్కన పెడతారు. దయచేసి పెట్టొద్దు, రేపు థీసిస్ నిలబడేది దాని మీదే.

సీటొచ్చాక కోర్సు వర్క్ ఉంటుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆడవాళ్లకు అదనంగా 2 ఏళ్ల వెసులుబాటు, 240 రోజుల దాకా ప్రసూతి సెలవు ఉన్నాయి. నేను ఆ సెలవు వాడుకున్నాను. అడగడానికి మొహమాటపడకండి, అది మన హక్కు.

నా టాపిక్: హైస్కూల్లో కబడ్డీ ఆడే అమ్మాయిలకు 12 వారాలు ప్లైయోమెట్రిక్ ట్రైనింగ్ (గెంతడం, దూకడం లాంటి వ్యాయామాలు) ఇస్తే వాళ్ల వేగం, చురుకుదనం, దమ్ము ఎంత మారతాయి? నేనూ జిల్లా జట్టుకు ఆడినదాన్నే. రెయిడ్‌కు వెళ్లి వెనక్కి దూకేటప్పుడు కాళ్లలో ఉండాల్సిన ఆ విసురు మన బడుల్లో ఎవరూ నేర్పరు. అందుకే ఈ టాపిక్ పట్టుకున్నాను. గెంతడం కంటే ముందు దిగడం నేర్పాను. దూకి నేల మీద వాలేటప్పుడు అమ్మాయిల మోకాళ్లు లోపలికి ఒరుగుతాయి, లిగమెంట్ తెగేది అక్కడే. మోకాలు కాలి వేళ్ల వరసలో ఉండేలా వాలడం వచ్చాకే, ఎక్కి దూకే బాక్స్ మీదికి ఎక్కించాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక తల్లిదండ్రుల సంతకాలు, వాటితోపాటు పిల్లల సొంత అంగీకారం కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫారాలు తెలుగులో రాసుకుని ఇంటింటికీ తిరిగాను. చీటీలు తీసి సగం మందిని ట్రైనింగ్ గ్రూపులో, సగం మందిని కంట్రోల్ గ్రూపులో, అంటే పోల్చి చూడటానికి ట్రైనింగ్ ఇవ్వని గ్రూపులో, వేశాం. రెండో వారంలో ఒకమ్మ గ్రౌండ్‌కే వచ్చింది. "మా బిడ్డను పక్కన కూసోబెట్టి వాళ్లనే ఉరికిస్తున్నరేంది మేడం? మా పిల్ల ఏం తక్కువైంది?" ఆ ప్రశ్న న్యాయమైనది. ట్రైనింగ్ తర్వాత చేసే పోస్ట్ టెస్ట్ అయిపోగానే అదే ట్రైనింగ్ కంట్రోల్ గ్రూపుకూ ఇస్తానని మాటిచ్చాను, ఇచ్చాను. ఆ పని థీసిస్ లెక్కలోకి రాదు, కానీ చేయకపోతే ఆ పిల్లల దగ్గర కొలతలు మాత్రమే తీసుకుని వెళ్లిపోయినట్టే.

దమ్ము కొలవడానికి 20 మీటర్ల షటిల్ రన్, అంటే బీప్ టెస్ట్ పెట్టాను; బీప్ మోగేలోగా అవతలి గీత చేరాలి. కూపర్ 12 నిమిషాల పరుగు మన పుస్తకాల్లో బాగా కనిపిస్తుంది గానీ, 1968లో వచ్చిన ఆ లెక్క అమెరికా వైమానిక దళంలోని మగవాళ్ల మీద తయారైంది. బీప్ టెస్ట్ గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. టేపుతో కొలిచి సున్నం గీతలు వేసి, ఫోన్‌కు స్పీకర్ తగిలించి, బీప్‌లు సరిగ్గా వస్తున్నాయా అని ముందు స్టాప్‌వాచ్‌తో సరిచూసుకునేదాన్ని. అసలు పరిశోధనకు ముందు చిన్నగా చేసి చూసిన పైలట్ స్టడీలోనే ఒకటి కనిపెట్టాను: దోస్తు ఆగితే పక్కమ్మాయి కూడా ఆగిపోతుంది, ఇంకా ఓపిక ఉన్నా సరే. అప్పటి నుంచి దోస్తులను వేర్వేరు బ్యాచుల్లో ఉరికించాను. ప్రీ టెస్ట్ ఏ పూట చేస్తే పోస్ట్ టెస్ట్ కూడా ఆ పూటే. మొదట ఒట్టి కాళ్లతో ఉరికిన పిల్ల రెండోసారీ ఒట్టి కాళ్లతోనే.

ఫలితాల్లో స్టాండింగ్ బ్రాడ్ జంప్ (నిలుచున్న చోటి నుంచే ముందుకు దూకడం), చురుకుదనం స్పష్టంగా పెరిగాయి. దమ్ము పెద్దగా కదల్లేదు. థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష వైవాలో, బయటి ఎగ్జామినర్ సారు మొదట రెండు గ్రూపులను పోల్చే స్టాటిస్టిక్స్ పద్ధతుల గురించి "టీ టెస్ట్ సరిపోదా, ఆంకోవా ఎందుకు?" అన్నారు. చీటీలు తీసినా రెండు గ్రూపులూ ఒకే చోట మొదలవ్వవు, ఆ మొదటి తేడాను సర్ది చూడాలి కాబట్టి అన్నాను. తర్వాత దమ్ము గురించి అడిగారు. ప్లైయోమెట్రిక్స్ ప్రధానంగా పేలుడు శక్తిని పెంచుతుంది, అది ఒక కారణం. ఇంకోటి రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబినే తక్కువైతే ఎంత ఉరికించినా దమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలను నేను రోజూ చూశాను. నా దగ్గర హిమోగ్లోబిన్ కొలతలు లేవు కాబట్టి దీన్ని తేల్చి చెప్పలేను, పరిశీలించాల్సిన విషయంగానే పెట్టాను అన్నాను. ఆయన తలూపి రాసుకున్నారు.

థీసిస్ ఇప్పుడు మన దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఉంది. చివరి అధ్యాయంలోని సిఫారసుల్లో మొదటిది: బడి అమ్మాయిలపై ఫిట్‌నెస్ పరిశోధన చేసేవాళ్లు ప్రీ టెస్ట్‌తోపాటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి, తక్కువున్న పిల్లలను ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. టాపిక్ చెప్పమని అడిగే పిల్లలకు నేనిప్పుడు ఇదే ఇస్తున్నాను.