ముందు వరస, వెనక వరస

మన మిషన్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంచిక కమిటీవాళ్లు నన్ను మన అధ్యాపకుల గురించి రాయమన్నారు. సంతోషంగా రాస్తాను. అయితే ఆఫీసులో, ల్యాబులో, హాస్టల్ వంటింట్లో పనిచేసినవాళ్లను పక్కన పెట్టి రాయడం నా వల్ల కాదు. మా బ్యాచ్ వీడ్కోలు రోజున తీయించుకున్న గ్రూప్ ఫొటో నా దగ్గర ఉంది. మొత్తం స్టాఫ్ అందులో పట్టేశారు, అంత చిన్న కాలేజీ మనది. ముందు వరసలో కుర్చీల్లో లెక్చరర్లు, అందరికంటే వెనక వరసలో బెంచీ ఎక్కి నిలబడి అటెండర్లు. నేను ఈ రోజు మందుల చీటీ చదివి మందు ఇచ్చే ఉద్యోగంలో ఉన్నానంటే రెండు వరసలకీ రుణపడి ఉన్నాను. పేర్లు ఎలాగూ ఫొటోల కింద వేస్తున్నారు కాబట్టి, మనం నోరారా పిలుచుకున్న పిలుపులతోనే రాస్తాను.

నేను 1989లో బైపీసీలో చేరాను. మాది దర్శి వైపు మెట్ట పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా అమ్మానాన్నలు పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కూలికి పోయేవాళ్లు. ఆకు కొట్టడం, కర్రలకు కట్టడం నాన్న పని. గ్రేడింగ్ మొదలైతే అమ్మ పని. ఇంట్లో డబ్బు కనపడేది ఆ కొద్ది నెలల్లోనే.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు. హెడ్ క్లర్క్ గారికి మాత్రం చెప్పకుండానే తెలుసు. ప్రకాశం జిల్లాలో ఏ ఊళ్లో ఏ పంట, ఎప్పుడు చేతికి డబ్బొస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. కంది వేసే ఊరి పిల్లకు ఒక గడువు, మిరప వేసే ఊరి పిల్లవాడికి ఒక గడువు. నన్ను పిలిచి, "అమ్మాయ్, మీ నాయనకు బ్యారన్ కూలి ముట్టిందా? ముట్టాకే తెమ్మను, తొందరేం లేదు" అనేవారు. ఇంటర్ బోర్డు పరీక్ష ఫీజుకు మాత్రం అలా గడువులు కుదరవు. తేదీ దాటితే అపరాధ రుసుం, అదీ దాటితే ఆ ఏడాది పరీక్ష లేదు. అలాంటప్పుడు స్టాఫ్ తలా కొంత వేసుకున్న డబ్బులోంచి ఆయన మా ఫీజు కట్టేసేవారు. ఎవరెవరికి కట్టారో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకుని బీరువాలో పెట్టేవారు. ఆ పుస్తకం ఏ క్లాసులోనూ, ఏ ప్రేయర్‌లోనూ చదవలేదు. సహాయం చేసి నలుగురిలో చెప్పకపోవడం ఎంత పెద్ద మర్యాదో, ఆ వయసు ఆడపిల్లగా ఆ మర్యాద పొందిన నాకు బాగా తెలుసు.

ఆ కాంపౌండ్‌లో (మన మిషన్ ఆవరణలో) మనకొక బడి ఎందుకు ఉందో చెప్పింది హిస్టరీ సారు. ఆయన క్లాసు సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకే అయినా, శనివారం మధ్యాహ్నం లైబ్రరీ వరండాలో ఆయన చుట్టూ అన్ని గ్రూపుల వాళ్లం చేరేవాళ్లం. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గురించి, 1876–78 నాటి ధాత కరువు గురించి ఆయన చెబుతుంటే మా తాతల కథ వింటున్నట్టే ఉండేది. కరువులో జనానికి ఊరికే గంజి పోయడం కాదు, పని చూపించాలని క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కూలి దొరుకుతుందన్న ఆశతో ఎవరూ మతంలోకి రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఏ ఊరి బడిలోనూ గడప లోపలికి రానివ్వని మాదిగవాడల వాళ్లు. "వాళ్లకు మొదట కావలసింది పలక. ఈ కాంపౌండ్ ఆ పలక కోసం పుట్టింది" అనేవారు సారు. 1969లో ఏడాది పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక మన హైస్కూలుకు కాలేజీ తోడైంది. మన స్టాఫ్‌లో చాలామంది ఆ కాలువ తవ్విన కుటుంబాల మనవలూ మునిమనవలే.

తెలుగు మాస్టారు అలా వచ్చినవారు కాదు. నుదుట తిరుమణి, భుజాన ఉత్తరీయం. ఉదయం ప్రేయర్‌కు ఒక్క రోజు ఆలస్యంగా వచ్చేవారు కాదు. మన కీర్తనల పుస్తకంలో ప్రతి పాత కీర్తన మీదా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా, మేమెవరం వాటిని పట్టించుకునేవాళ్లం కాదు. మాస్టారు పట్టించుకున్నారు. క్రిస్మస్ క్వయర్ ప్రాక్టీసులో ఇంగ్లీష్ మేడం గారు హార్మోనియం వాయిస్తుంటే పక్కన నిలబడి, "ఆనందభైరవి అని రాశారమ్మా, రాసినాయన తెలిసే రాశాడు, దాన్ని అలాగే పాడదాం" అని స్వరం అందించేవారు. ళ, ణ, ఒత్తులు సరిగా పలకకపోతే ఎవరినైనా ఆపేసేవారు. మేడం గారు పాస్టరు గారి కూతురు. ఆ కీర్తనలు పుట్టినప్పటి నుంచీ విన్నావిడ. మాస్టారి మాట మీద మొత్తం క్వయర్‌కు మళ్లీ మొదటి నుంచి నేర్పారు. ఆ ఏటి క్రిస్మస్ పాటలు మన చర్చిలో పెద్దవాళ్లు కూడా చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ పండగ భోజనానికి మాస్టారు హాస్టల్లో మా వరసలోనే కూర్చుని హాస్టల్ వంట మామ్మ వండిన పులిహోర తిన్నారు. సెలవులకు ఇంటికెళ్లి చెబితే మా నాన్న నమ్మలేదు. మా ఊళ్లో అది జరిగే పని కాదు. మాస్టారు దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, రెండోసారి వడ్డించమన్నారు, అంతే.

ఇక ల్యాబ్ బాబాయి. నా మనసులో ఈ వ్యాసం మొదలైంది ఆయన దగ్గరే.

బాబాయి ఐదో తరగతి దాకా చదివాడు. ఉద్యోగం పేరు అటెండర్. కానీ కెమిస్ట్రీ ల్యాబులో ఏ సీసాలో ఏముందో, ఏది తేమ పీల్చుకుంటుందో, ఏది వెలుతురు తగలకుండా గోధుమరంగు సీసాలో ఉంచాలో ఆయనకు తెలిసినంత మాకు పుస్తకం చదివినా తెలిసేది కాదు. ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టే సాల్ట్ ఎనాలిసిస్‌లో నైట్రేట్‌కు బ్రౌన్ రింగ్ పరీక్ష చేస్తాం కదా. దానికి ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అప్పటికప్పుడు కలిపింది కావాలి. నిల్వ ఉంటే గాలి తగిలి ఫెర్రిక్‌గా మారిపోతుంది, రింగ్ రాదు. ప్రాక్టికల్ ఉన్న రోజు బాబాయి తెల్లవారుతూనే వచ్చి ఆ ద్రావణం కలిపేవాడు. పరీక్షనాళికను వంచి, గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా జార్చడం నాకు చూపించింది ఆయనే. "కదిలించమాక పిల్లా, రెండూ కలవకూడదు, వాటి మధ్యనే ఉంటది నీ రింగు" అనేవాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తయారుచేసే కిప్స్ ఆపరేటస్‌లో కొళాయి కట్టేస్తే వాయువే ఆమ్లాన్ని వెనక్కి తోసి, ఐరన్ సల్ఫైడ్ ముక్కల నుంచి దూరం చేసి, తనంతట తానే ఆగిపోతుందని ఆయన చేత్తో చూపిస్తే ఒక్కసారికే అర్థమైంది.

విరిగిన గాజు గొట్టాలను బాబాయి పారేయనిచ్చేవాడు కాదు. స్పిరిట్ లాంప్ మంటలో కాల్చి, మెత్తబడ్డాక రెండు చేతులా సాగదీసి డ్రాపర్లు చేసేవాడు. దాంతో పగిలిన సామానుకు మేం కట్టాల్సిన బ్రేకేజ్ లెక్క సగం తగ్గేది. హాస్టల్ పిల్లల కోసం శనివారం సాయంత్రాలు ల్యాబ్ తెరిచి కూర్చునేవాడు. దానికి ఆయనకు పైసా అదనంగా రాదు. పరీక్ష రోజున మాత్రం మా ముఖం వైపు చూసేవాడు కాదు. ఎవరికి ఏ సాల్ట్ పడిందో తెలిసిన మనిషి ఆయనే, ఒక్కరికి కూడా పెదవి కదపలేదు. ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ తల వంచుతాను.

ఆ ఏడాది వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు, ఇంత పద్ధతిగా ఉన్న ల్యాబును ఎవరు చూసుకుంటున్నారని అడిగారు. కెమిస్ట్రీ సారు బాబాయిని పిలిచి పక్కన నిలబెట్టుకుని, "మా డిపార్ట్‌మెంట్‌లో మేమిద్దరమండీ" అన్నారు. సారు ఎంత పెద్ద మనిషో ఆ మాటే చెబుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల కోసం ప్రతి సమీకరణం కింద తెలుగు అకాడమీ పుస్తకంలో ఉన్న మాటా, ఇంగ్లీషు మాటా రెండూ బోర్డు మీద రాసేవారు. ఫార్మసీలో చేరాక ఆ రెండు వరసల నోట్సే నన్ను మొదటి సంవత్సరం దాటించింది.

జువాలజీ మేడం గారిది ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టు కాదు. ఫీజుల్లోంచి వచ్చే కొద్దిపాటి జీతంతో మాకు రంగు సుద్దలతో గుండె, మూత్రపిండం బొమ్మలు వేసి చెప్పారు. ఆ రంగు సుద్దలు ఆవిడ సొంత డబ్బుతో కొన్నవి. ప్రిన్సిపాల్ గారు ఎవరైనా సెలవు పెడితే ఆ పీరియడ్ తానే తీసుకునేవారు, రాత్రి సైకిల్ మీద హాస్టల్ చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లేవారు. వాచ్‌మన్ తాత వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద కొట్టే గంట ఊరి సగానికి గడియారం.

వంట మామ్మకు చదువు రాదు. కానీ గర్ల్స్ హాస్టల్లో మాకు అమ్మ ఆవిడే. నెలసరి నొప్పితో ముడుచుకు పడుకుంటే అడక్కుండానే వామునీళ్లు కాచి తెచ్చేది. పరీక్షల ముందు రాత్రుళ్లు లాంతరు పట్టుకుని టీ తెచ్చి, చదువుతున్న ప్రతి పిల్ల తల మీదా చెయ్యి పెట్టి లోపల ప్రార్థన చేసుకుని వెళ్లేది. అందులో క్రైస్తవుల పిల్ల, హిందువుల పిల్ల, సాయిబుల పిల్ల అన్న తేడా లేదు.

రిటైరైనవాళ్ల స్థానాల్లో ఎయిడెడ్ నియామకాలు ఆగిపోయాక ఈ వరసలు ఒక్కొక్కటే పలచబడ్డాయి. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే నిర్ణయం వచ్చినప్పుడు మన పూర్వ విద్యార్థుల గ్రూపులో అందరం ఆందోళనపడ్డాం. అప్పటికి మన రోజుల వాళ్లెవరూ డ్యూటీలో లేరు. బాబాయి, మామ్మ అసలే లేరు.

కమిటీకి నా విన్నపం ఇదే. అధ్యాపకుల జాబితా వేసిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో, బోధనేతర సిబ్బంది జాబితా కూడా వేయండి. బాబాయి పూర్తి పేరు, చేరిన సంవత్సరం నేను వాళ్లబ్బాయి దగ్గర కనుక్కుని పంపాను. మామ్మ అసలు పేరు మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు. మనకు మామ్మే గానీ, జీతాల రిజిస్టరులో ఒక పేరు ఉండే ఉంటుంది. 1980ల్లో హాస్టల్లో ఉన్న అక్కలు ఎవరికైనా గుర్తుంటే, సంచిక అచ్చుకు వెళ్లేలోగా కమిటీకి తెలియజేయండి.